జైలు ఫోన్, జైలు వీడియో కాల్: 14 నెలలు వాడాక నా మార్కులు

నేను కాల్ సెంటర్లో పనిచేస్తాను. రోజుకు 80, 90 కాల్స్ మాట్లాడతాను. లైన్లో ఎకో వస్తే అది నా హెడ్‌సెట్ వల్లనా, అవతలివాళ్ల స్పీకర్ వల్లనా అన్నది ఇట్టే చెప్పేస్తాను. ఎదుటి మనిషి కోపంగా ఉన్నాడో, ఏడుపు ఆపుకుంటున్నాడో మొదటి హలోలోనే తెలిసిపోతుంది. అంచేత ఫోన్ సర్వీసులకు మార్కులు వేసే అర్హత నాకు కాస్తో కూస్తో ఉందనే నా నమ్మకం.

మా తమ్ముడు జైల్లో ఉన్నాడు. ఏం చేశాడు, ఎన్నేళ్లు అన్నది ఇక్కడ రాయను. ఆ లెక్క కోర్టు తేల్చింది, మళ్లీ మీరూ నేనూ తేల్చాల్సిన పని లేదు. 14 నెలలుగా వాడితో మేం మాట్లాడుతున్నది ఒకే కంపెనీ సర్వీసు మీద. మామూలు ఫోన్ కాల్, వీడియో కాల్, టైపు చేసి పంపే మెసేజ్, మూడూ వాళ్లవే. పేరు రాయడం లేదు. రాస్తే వాడికేమైనా ఇబ్బందేమో అన్న భయం ఒకటి. ఇంకోటి, పేరు తెలిసినా మీకు ఒరిగేదేమీ లేదు. మీవాళ్లు ఏ జైల్లో ఉంటే ఆ జైలు ఏ కంపెనీతో ఒప్పందం చేసుకుందో దానికే మీరు కట్టుబడాలి. సిమ్ కార్డు నచ్చకపోతే వేరే నెట్‌వర్క్‌కి మారిపోతామే, అలాంటిది ఇక్కడ లేదు. కాబట్టి ఇది కొనాలా వద్దా అని చెప్పే రివ్యూ కాదు. ఎలాగూ వాడక తప్పనివాళ్లకు, ముందు ఏం ఎదురవుతుందో తెలియాలని రాస్తున్నది.

ముందు నంబర్ రిజిస్ట్రేషన్. లోపలున్న మనిషి తన ఇష్టం వచ్చిన నంబర్‌కి చేయలేడు. ఎవరెవరికి చేస్తాడో రాసివ్వాలి. వాళ్ల గుర్తింపు కార్డు, చుట్టరికానికి ఏదో ఒక రుజువు, ఆ నంబర్ వాళ్లదేనని చూపే బిల్లు జతచేయాలి. లోపలి ఆఫీసు చూసి సరేనంటేనే నంబర్ సిస్టమ్‌లోకి ఎక్కుతుంది. మాకు దొరికింది రెండు నంబర్లు. ఒకటి లాయర్‌ది, రెండోది మా ఇంటి ల్యాండ్‌లైన్. ఈ రోజుల్లో ల్యాండ్‌లైన్ ఏమిటని నవ్వకండి. అమ్మకు చూపు బాగా మందగించింది. టచ్ ఫోన్ ఆమె చేతిలో అద్దం ముక్కతో సమానం. పాత కార్డ్‌లెస్ అయితే మీటలు వేలికి తగులుతాయి. 5 మీద చిన్న బొడిపె ఉంటుంది కదా, అక్కణ్ణించి పైకి ఒకటి, ఎడమకి ఒకటి జరిపితే 1. జైలు కాల్ రాగానే నొక్కాల్సింది ఆ 1నే.

మా కాగితాలు ఒకసారి తిరిగొచ్చాయి. ఫోన్ బిల్లు నాన్న పేరు మీద ఉందట. నాన్న పోయి ఆరేళ్లయింది, బిల్లు పేరు మార్పించాలని ఎవరికీ తట్టలేదు. మార్పించి, మళ్లీ పంపి, మొదటి కాల్ మోగేసరికి 23 రోజులు. ఆ 23 రోజుల్లో లోపల ఒకతను తమ్ముడి దగ్గరికి వచ్చి, దాచిపెట్టిన ఫోన్ ఉంది, రెండు నిమిషాలు మాట్లాడుకుంటావా అని అడిగాడట. వద్దన్నానని వాడు చెప్పాడు. నేను నమ్మాను. జైళ్లలోకి దొంగ ఫోన్లు ఎలా చేరుతున్నాయని అందరూ తలలు పట్టుకుంటారు గానీ, ఎందుకు చేరుతున్నాయన్నదానికి సగం జవాబు ఈ 23 రోజుల్లోనే ఉంది. నేరాలు నడపడానికి వాడేవాళ్లు లేరనను. అమ్మతో మాట్లాడటానికి వాడి పట్టుబడేవాళ్లూ ఉన్నారు. సిగ్నల్‌ను ఆపేసే జామర్లు పెడితే సరిపోదా అంటే, ఆ అలలు గోడ దగ్గర ఆగవు, పక్క ఇళ్ల సిగ్నల్‌నూ తినేస్తాయి. అమెరికాలోనైతే 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టమే వాటికి అడ్డు.

ఇక కాల్ సంగతి. ఫోన్ ఎత్తగానే తమ్ముడి గొంతు వినిపించదు. ముందు రికార్డు చేసిన ఆడగొంతు వస్తుంది: ఇది జైలు నుంచి వస్తున్న కాల్, దీన్ని రికార్డు చేస్తారు, వింటారు, మాట్లాడాలనుకుంటే 1 నొక్కండి. మధ్యలో వాడి పేరు మాత్రం వాడి గొంతులోనే వస్తుంది. మొదటి రోజు పేరు చెప్పమని మెషిన్ అడిగినప్పుడు వాడు చెప్పిన రికార్డింగ్ అది. 14 నెలల తర్వాత కూడా అదే. ఆ రోజు వాడి గొంతు ఎలా ఉందో ప్రతిసారీ మళ్లీ వినాలి. ఒక్క మాట, పేరొక్కటే. మార్చుకునే వీలుందేమో కనుక్కోరా అన్నాను. లేదట.

కాల్ 10 నిమిషాలు. తొమ్మిదో నిమిషం ముగియగానే ఓ బీప్. ఆఖరి 15 సెకన్లకు ఇంకో బీప్. ఆ తర్వాత మాట సగంలో ఉన్నా కట్. మేం నేర్చుకున్న పద్ధతేమిటంటే, మొదటి బీప్‌కే వెళ్లొస్తానని చెప్పేసుకుంటాం. మిగిలిన ఆ నిమిషం బోనస్ కింద లెక్క, అందులో ఏదో ఒకటి వాగుతాం. అమ్మకు ఇంకా అలవాటు కాలేదు. అసలు సంగతి ఎప్పుడూ రెండో బీప్ తర్వాతే గుర్తొస్తుంది.

ఆడియో క్వాలిటీ మాత్రం బాగుంటుంది. నా వృత్తి మీద ఒట్టేసి చెబుతున్నాను, మా ఆఫీసు లైన్ల కంటే శుభ్రం. అటు గోడకు బిగించిన ఫోన్, స్టీలు తొడుగున్న వైరు, ఇటు రాగి తీగ. మాట ఆలస్యం కాదు. వాడి వెనక క్యూలో నిలబడినవాళ్ల దగ్గు వినిపిస్తుంది, ఎవరో తొందరపెట్టడం వినిపిస్తుంది. నాకది ఇబ్బంది అనిపించదు. వాడు ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలిసినట్టుంటుంది.

చిక్కల్లా ఒకటుంది. మూడో మనిషిని కాల్‌లో కలపకూడదన్నది రూలు. దాన్ని పట్టుకోవడానికి సిస్టమ్ లైన్లో క్లిక్ శబ్దాల కోసం, అనుమానం కలిగించే నిశ్శబ్దాల కోసం చెవి రిక్కించుకుని ఉంటుంది. మన చేతిలోంచి ఫోన్ జారి బల్ల మీద పడ్డా, తలుపు చప్పున వేసుకున్నా, కొన్నిసార్లు అదే కాన్ఫరెన్స్ అనుకుని కోసేస్తుంది. కోసేసిన కాల్‌కీ డబ్బులు పోతాయి. మళ్లీ చేయాలంటే వాడు క్యూలో చివరికి వెళ్లి నిలబడాలి.

రేటు ఇక్కడ రాయను. ఒక్కో చోట ఒక్కో రేటు, నాది చూసి మీరు లెక్కలేసుకుంటే తప్పుతారు. ఒక్కటి మాత్రం గమనించండి. నిమిషం రేటు కంటే రీఛార్జి మీద వేసే సర్వీసు ఫీజు దగ్గర జాగ్రత్త. కొద్దికొద్దిగా వేస్తే ప్రతిసారీ ఫీజు పోతుంది, నెలకోసారి ఒక్కటే వేయండి. ఈ రేట్ల గొడవ తలుచుకుంటే నాకు మార్తా రైట్ గుర్తొస్తుంది. వాషింగ్టన్‌లో ఉండే రిటైర్డ్ నర్సు. చూపు లేదు. జైల్లో ఉన్న మనవడితో మాట్లాడటానికి అయ్యే కాల్ ఛార్జీలు భరించలేక 2000లో మరికొందరితో కలిసి కోర్టుకెక్కింది. అక్కడివాళ్లు టెలికం కమిషన్‌కి వెళ్లమంటే 2003లో అక్కడికీ వెళ్లింది. కమిషన్ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి చేసే కాల్స్‌కి గరిష్ఠ రేటు పెట్టేసరికి 2013 వచ్చింది. 2015లో ఆవిడ పోయారు. ఆవిడ పేరుతో చట్టం మీద అధ్యక్షుడి సంతకం పడింది 2023 జనవరిలో. చూపు లేని మనిషికి ఉత్తరం పనికిరాదు, ఫోటో పనికిరాదు. గొంతు ఒక్కటే దిక్కు. అది మా ఇంట్లో వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలో చాలా జైళ్లు ఆ ఫోన్ కంపెనీల వసూళ్లలో కమిషన్ తీసుకుంటూ వచ్చాయి. అంటే రేటు ఎంత ఎక్కువైతే జైలుకు అంత లాభం. తర్వాత కనెక్టికట్, కాలిఫోర్నియా, మిన్నెసోటా, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాలు జైలు కాల్స్‌ను పూర్తిగా ఉచితం చేశాయి. చేస్తే అయ్యేదే అన్నమాట.

వీడియో కాల్ మీద మొదట్లో నాకు చాలా ఆశ ఉండేది. యాప్ డౌన్‌లోడ్ చేసి, గుర్తింపు కార్డు పక్కన పెట్టుకుని సెల్ఫీ దిగి, అది ఆమోదం పొందాక స్లాట్ బుక్ చేసుకోవాలి. వారానికొకటి, 20 నిమిషాలు. స్లాట్లు రాత్రి 12కి తెరుచుకుంటాయి. 12:05కి చూస్తే సెలవు రోజులవన్నీ అయిపోయి ఉంటాయి. నాకు షిఫ్టు ఉద్యోగం కాబట్టి మధ్యాహ్నాలు దొరుకుతున్నాయి. తొమ్మిదింటి నుంచి ఐదింటి దాకా ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, బడికెళ్లే పిల్లలున్నవాళ్లు ఏం చేస్తారో ఈ టైమింగులు పెట్టినవాళ్లే చెప్పాలి.

కనెక్ట్ అయ్యాక తమ్ముడు కనిపిస్తాడు. కెమెరా గోడకు పైన బిగించి ఉంటుంది కాబట్టి వాడి నుదురు, ముక్కు పెద్దవిగా, గడ్డం చిన్నదిగా. వాడు స్క్రీన్ మీద నన్ను చూస్తాడు, కెమెరాలోకి కాదు. అందుకని 14 నెలల్లో వీడియోలో వాడు నా కళ్లలోకి చూసింది ఒక్కసారి కూడా లేదు. ఎప్పుడూ నా భుజం కిందికి, ఏదో తప్పు చేసినవాడిలా చూస్తుంటాడు. కెమెరాలోకి చూడరా అంటే చూశాడు ఓసారి. అప్పుడు వాడికి నేను కనిపించలేదు.

మాట ఆలస్యం గురించి చెప్పాలి. మా ట్రైనింగ్‌లో చెప్పిన మొదటి పాఠాల్లో ఇదొకటి: మాట ఒక వైపు నుంచి ఇంకో వైపుకు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సాఫీగా ఉంటుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు. ఇక్కడ నేను చేతి గడియారం పెట్టుకుని చూశాను, నేను చప్పట్లు కొట్టాక వాడు తలెత్తేసరికి రెండు సెకన్ల పైన. దాంతో ఏమవుతుందంటే, నేను అడుగుతాను, జవాబు రాదు, వినపడలేదేమోనని మళ్లీ అడుగుతాను, సరిగ్గా అప్పుడే మొదటి ప్రశ్నకు వాడి జవాబు వస్తుంది. ఇద్దరం ఆగుతాం. ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం. పోట్లాటకు ముందు ఇద్దరు మనుషులు ఎలా మాట్లాడతారో అచ్చం అలాగే ఉంటుంది, మా మధ్య పోట్లాటేమీ లేకపోయినా. పరిష్కారం: మాట పూర్తయ్యాక చెయ్యెత్తండి. మాకు అది పనిచేస్తోంది.

ముఖాలు గుర్తుపట్టే ఫీచర్ ఇంకోటుంది. ఆమోదం లేని ముఖం ఫ్రేమ్‌లోకి వస్తే కాల్ ఆగిపోతుంది. భద్రత కోసమే, కాదనను. మా పాపకు ఆరేళ్లు. దాని ఫోటో వేరేగా ఎక్కించాలని నాకు తెలియదు. ఓ రోజు బడి లేదు, వెనక నుంచి పరిగెత్తుకొచ్చి నా మెడ పట్టుకుని, మామయ్యా, పన్ను ఊడింది చూడు అని నోరు తెరిచింది. అంతే, స్క్రీన్ మొత్తం బూడిద రంగు. ‘అనుమతి లేని వ్యక్తి’ అని అక్షరాలు. పాపకు చదవడం వచ్చు. కూడబలుక్కుని చదివింది. అనుమతి లేని వ్యక్తి అంటే ఎవరమ్మా అని అడిగింది. తర్వాత, మామయ్యకు నా మీద కోపమొచ్చిందా అంది. ఆరేళ్ల పిల్లకు ఈ ఫీచర్ ఎలా పనిచేస్తుందో చెప్పడానికి నా పదేళ్ల కస్టమర్ కేర్ అనుభవం చాలలేదు. దాని ఫోటోకి ఆమోదం వచ్చేలోపు కొత్త పన్ను వచ్చేసింది.

అమ్మను కూర్చోబెట్టి చూశాం. నాలుగైదు సార్లు కూర్చుంది. ఆమెకు కదిలే మసక ఒకటి కనిపిస్తుంది, దానికి రెండు సెకన్ల తర్వాత గొంతు వస్తుంది. అది వాడేనంటే నమ్మకం కుదరదు. వీడియో నువ్వు మాట్లాడుకో, నేను ఫోన్లో మాట్లాడతా అనేసింది.

ఇక్కడ మోటారు సంగతి చెప్పాలి. ఇంట్లో నీళ్ల మోటారు రిపేర్లన్నీ తమ్ముడే చేసేవాడు. వాడు వెళ్లిన ఐదారు నెలలకు మోటారు నుంచి ఏదో కీచు శబ్దం మొదలైంది. వీడియో కాల్‌లో ఫోన్ పట్టుకెళ్లి మోటారు దగ్గర పెట్టాను. ఏమీ వినిపించడం లేదక్కా, వేశావా అన్నాడు. నా చెవి పగిలిపోతోంది, వాడికి నిశ్శబ్దం. తర్వాత నాకు వెలిగింది. వీడియో యాప్‌లో నాయిస్ సప్రెషన్ ఉంటుంది. మనిషి గొంతు కానిదాన్నంతా చెత్త కింద ఊడ్చేస్తుంది. మోటారు ఆ యాప్ లెక్కలో చెత్త.

మరుసటి వారం వాడి ఫోన్ వచ్చినప్పుడు కార్డ్‌లెస్ తీసుకుని మోటారు దగ్గరికి పరిగెత్తాను. స్విచ్ వేసిన టక్ శబ్దానికి కాల్ కట్. కాన్ఫరెన్స్ అనుకుంది సిస్టమ్. ఆ 10 నిమిషాలూ పోయాయి. ఆ పై వారం తెలివి తెచ్చుకుని, ఫోన్ మోగగానే ముందు మోటారు వేసి, ఆ తర్వాత 1 నొక్కాను. మామూలు ఫోన్ లైన్ మోసేది 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. మోటారు గుర్రు అంతా అందులో పట్టదు గానీ, కీచుమనే శబ్దం సరిగ్గా ఆ మధ్యలోనే పడుతుంది. వాడు అర నిమిషం ఏమీ మాట్లాడలేదు. ఈ నిశ్శబ్దానికి మళ్లీ కోసేస్తుందేమోనని నాకు ఒకటే టెన్షన్, ఊరికే ఊఁ ఊఁ అంటూ ఉన్నాను. నువ్వు కాసేపు ఆగక్కా అన్నాడు. విని, బేరింగ్ పోతోంది, వైండింగ్ బాగానే ఉంది, కాలిపోకముందే మార్పించు, రిపేరు అబ్బాయి వచ్చి మోటారే మార్చాలంటే ఒప్పుకోకు అన్నాడు. ఆ అబ్బాయి వచ్చి సరిగ్గా అదే అన్నాడు, మోటారే మార్చాలని. నేను ఒప్పుకోలేదు. 14 నెలల్లో వాడి గొంతు మామూలుగా, ఇంట్లో ఉన్నప్పటిలా వినిపించింది ఆ రెండు నిమిషాలే.

మెసేజ్ సర్వీసు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మనం యాప్‌లో టైపు చేస్తాం, పేజీకి ఇంతని స్టాంపులు కొనాలి, లోపల ఎవరో చదివి వదులుతారు, వాడు హాలులో పెట్టిన మెషిన్ దగ్గర చదువుకుంటాడు. మామూలు రోజుల్లో ఒకటిన్నర రోజు పడుతుంది. సెలవులొస్తే మూడు నాలుగు రోజులు. తెలుగులో టైపు చేస్తే ఇంకా ఆలస్యం, చదివి వదిలే మనిషి దొరకాలి కదా. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే అది మెషిన్‌కీ అర్థం కాదు, మనిషికీ కాదు, నేరుగా పక్కన పెట్టేస్తారు. ఉత్తరాల సంగతి ఇంతకంటే అన్యాయంగా తయారవుతోంది. పెన్సిల్వేనియాలో 2018లో మొదలుపెట్టిన పద్ధతి ప్రకారం, ఖైదీలకు వచ్చే మామూలు ఉత్తరాలు ముందు వేరే రాష్ట్రంలోని ఓ కంపెనీకి వెళ్తాయి. అక్కడ స్కాన్ చేస్తారు, ఖైదీ చేతికి అందేది నకలు. కాగితానికి మత్తుమందు పూసి పంపుతున్నారన్నది వాళ్లు చెప్పే కారణం. మా దగ్గర ఇంకా అసలు కాగితమే చేరుతోంది. పాప వేసిన బొమ్మలో మైనం రంగు గోటికి తగులుతోందని తమ్ముడు రాశాడు. అది స్కాన్‌లో రాదు.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు.

ఈ లైన్ ఒకవైపే నడుస్తుంది. వాడు మాకు చేయగలడు, మేం వాడికి చేయలేం. కాలర్ ఐడీలో ఆ నంబర్ కనిపిస్తుంది, దానికి తిరిగి చేస్తే ఈ నంబర్ వాడుకలో లేదంటుంది. మొన్న వానాకాలంలో అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆ రాత్రే ఆస్పత్రి వరండాలో కూర్చుని తమ్ముడికి మెసేజ్ టైపు చేశాను. ఆ తర్వాత వరుసగా రెండు రోజులు సెలవు. తెల్లారి జైలు ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడారు, వివరాలు రాసుకున్నారు, చేరవేస్తామన్నారు. ఇల్లు తాళం వేసి ఉంది. ల్యాండ్‌లైన్ ఇంట్లో. ఆస్పత్రిలో నా దగ్గరున్న మొబైల్ నంబర్ లిస్టులో లేదు. చేర్చాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ మూడు వారాలు.

నాలుగో రోజు బట్టల కోసం ఇంటికొచ్చి చూస్తే కాలర్ ఐడీలో ఆ నంబర్ నుంచి ఆరు మిస్డ్ కాల్స్. వాడి వంతు కాని రోజుల్లోనూ ఉన్నాయి. పక్కవాళ్ల వంతు అడిగి పుచ్చుకుని చేశాడట, తర్వాత తెలిసింది. సందేశం వాడికి చేరింది ఆ సాయంత్రం. తర్వాతి ఫోన్‌లో వాడన్న మాట ఇది: మీకు నా మీద విసుగొచ్చిందేమో అనుకున్నానక్కా. ఆస్పత్రి అన్నది వాడి ఊహలోకే రాలేదు. లోపల ఉన్నవాళ్లకు ఎత్తని ఫోన్ అంటే అదొక్కటే అర్థం అనుకుంటా.

దీనికి కావాల్సింది గొప్ప టెక్నాలజీ కాదు. బయటి నుంచి ఓ వాయిస్ మెసేజ్ పెట్టే సౌకర్యం, ‘అత్యవసరం’ అని గుర్తు పెడితే సెలవు రోజైనా ఒక మనిషి చూసే ఏర్పాటు. మా కాల్ సెంటర్లో పోగొట్టుకున్న ఏటీఎం కార్డుకు ఆ ఏర్పాటు ఉంది. ఈ మాట ఈ కంపెనీ కస్టమర్ కేర్‌కి చెప్పాను. హోల్డ్‌లో 41 నిమిషాలు. ఎత్తిన అమ్మాయి స్క్రిప్టు చదివింది, మా స్క్రిప్టుకు దానికీ పెద్ద తేడా లేదు, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం దగ్గర ఇద్దరం ఒకేసారి అన్నాం. ఆ అమ్మాయిని అనేదేముంది. కస్టమర్ వెళ్లిపోతాడన్న భయం ఉంటేనే ఏ కంపెనీ అయినా మాట వింటుంది. ఇక్కడ డబ్బు కట్టేది నేను, కస్టమర్ జైలు. నేను ఎక్కడికి వెళతాను?

లోకంలో దీనికంటే బాగా చేసినవాళ్లు లేకపోలేదు. బెల్జియంలోని బెవెరెన్ జైల్లో 2014 నుంచే సెల్‌లో కంప్యూటర్, దాన్నుంచే ఫోన్. ఫిన్లాండ్‌లో హమీన్లిన్నా అనే చోట మహిళల జైల్లో ఎవరి సెల్‌లో వాళ్లకు పరికరం ఉంటుంది, వీడియో కాల్, అధికారులకు మెసేజ్ అన్నీ అందులోనే. క్యూ లేదు, వెనక దగ్గులు లేవు. ఇంటర్నెట్ విషయంలో ఎస్టోనియాలో ఒక ఖైదీ యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లి 2016లో గెలిచాడు. ఆయన అడిగింది సినిమాలు కాదు, వాళ్ల పార్లమెంటు వెబ్‌సైట్, న్యాయ సమాచారం ఉండే ఇంకో రెండు సైట్లు. ఐక్యరాజ్యసమితి 2015లో ఒప్పుకున్న నెల్సన్ మండేలా నియమాల్లో 58వది ఖైదీ కుటుంబంతో ఉత్తరాలతో పాటు, ఉన్నచోట ఫోన్, ఎలక్ట్రానిక్, డిజిటల్ సాధనాలతో కూడా మాట్లాడుకోనివ్వాలంటుంది. మండేలాకు రాబెన్ ద్వీపంలో మొదట్లో దక్కింది ఆరు నెలలకో ఉత్తరం, ఆరు నెలలకో ములాఖత్. దాంతో పోలిస్తే మావాడు అదృష్టవంతుడని మా బంధువు ఒకాయన అన్నారు. పోల్చడానికి మనిషి దొరికాడు పాపం.

ఒక హెచ్చరిక. ఈ లైన్ మీద కేసు గురించి ఒక్క ముక్క మాట్లాడకండి. రికార్డు చేస్తామని వాళ్లే చెబుతున్నారు. లాయర్ కాల్స్ వేరుగా, వినకుండా ఉంచుతారనే అంటారు. కానీ 2015లో అమెరికాలో ఓ పెద్ద జైలు ఫోన్ కంపెనీ నుంచి 7 కోట్లకు పైగా కాల్ రికార్డులు బయటపడితే, వాటిలో ఖైదీలు తమ లాయర్లకు చేసినవి కనీసం 14,000 తేలాయి. మేం కేసు మాటలన్నీ ములాఖత్‌కే దాచుకుంటాం.

ములాఖత్ అంటే గుర్తొచ్చింది. వీడియో వచ్చింది కదా, ఇక మనుషులు వచ్చి కలవడం తగ్గిస్తారని ఓ పుకారు నడుస్తోంది. పుకారే కావచ్చు. కానీ అమెరికాలో స్థానిక జైళ్ల మీద 2015లో వచ్చిన ఓ నివేదిక ప్రకారం, వీడియో పెట్టినవాటిలో 74 శాతం నేరుగా కలవడాన్ని ఎత్తేశాయి. మిన్నెసోటాలో 16,000 మందికి పైగా విడుదలైన ఖైదీల మీద 2011లో చేసిన అధ్యయనంలో, ఎవరో ఒకరు వచ్చి కలిసినవాళ్లు మళ్లీ పెద్ద నేరంలో శిక్షపడి రావడం 13 శాతం తక్కువగా తేలింది. అది మనిషి వచ్చి కలిస్తే. గాజు అద్దానికి ఇవతల కూర్చున్నా వాడు నా కళ్లలోకి చూస్తాడు. మూడు నెలలకోసారి సెలవు పెట్టుకుని వెళ్తాను, అమ్మ నడవలేదు కాబట్టి ఒక్కదాన్నే. అది మానేసి యాప్‌తో సరిపెట్టుకోమంటే ఈ రివ్యూలో ఒక్క స్టారూ మిగలదు.

మార్కులు: ఫోన్‌కి 5కి 4. ఆ ఒక్కటి క్లిక్ శబ్దానికి కోసినందుకు కోశాను. వీడియోకి 2, పాప పన్ను లెక్కలో వేయకుండానే. మెసేజ్‌కి రెండున్నర. కస్టమర్ కేర్‌కి తోటి ఉద్యోగిగా నేను మార్కులు వేయలేను.

కొత్తగా ఇందులోకి వస్తున్నవాళ్లకు: బిల్లు ఎవరి పేరున ఉందో ఇవాళే చూసుకోండి. రెండో నంబర్‌గా ఎప్పుడూ చేతిలో ఉండే మొబైల్ పెట్టండి, మాలాగా ఇంటి ఫోన్ ఒక్కటే నమ్ముకోకండి. పిల్లల ఫోటోలు మొదటి రోజే ఎక్కించండి. నా మొబైల్ దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంది, ఇవాళ్టికి 17వ రోజు.

బేరింగ్ మార్పించాం. శబ్దం ఎలా ఉందో వినిపించమన్నాడు. వచ్చే బుధవారం వాడి వంతు. ఫోన్ మోగేసరికి మోటారు ఆన్‌లో ఉండాలి కాబట్టి, ఆ రోజు ట్యాంకు సగం ఖాళీగా ఉంచమని అమ్మకు చెప్పాను.